బాపట్లలో రెండు రోజులు: సూర్యలంక కాక ఇంకేం చూడొచ్చు?

సెలవుచీటీ · సోమవారం రాత్రి 9:12
అందరికీ నమస్కారం. కార్తీకంలో రెండు రోజులు సెలవు దొరికింది. హైదరాబాదులో రాత్రి రైలెక్కి పొద్దున్నే బాపట్లలో దిగుదామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, మా అమ్మ. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. సూర్యలంక ఎలాగూ చూస్తాం. అది కాక చుట్టుపక్కల ఏమున్నాయి? నెట్‌లో వెతికితే ఎవరు రాసినా అవే నాలుగు ఫోటోలు. ఆ ఊరివాళ్ళు ఎవరైనా చెబితే మేలు.

ఎర్రబస్సు · సోమవారం రాత్రి 9:31
బాపట్లలో ఏముందండీ? పొద్దున్నే సముద్రంలో మునగండి, మధ్యాహ్నం పీతల వేపుడు తినండి, సాయంత్రం రైలెక్కండి. రెండో రోజు దండగ.

కొమ్మమూరు గట్టు · సోమవారం రాత్రి 10:05
ఎర్రబస్సు గారూ, మీరు స్టేషన్‌లో దిగి సూర్యలంక ఆటో ఎక్కడం తప్ప బాపట్లలో ఇంకో వీధి చూసినట్టు లేరు.

సెలవుచీటీ గారికి: సముద్రం ఊళ్ళో ఉండదు, తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. ఆ తొమ్మిది కిలోమీటర్లే అసలు చూడాల్సినవి అంటాను నేను. ఊరికి పడమర కొమ్మమూరు కాలువ, నల్లరేగడి, వరి. తూర్పుకు తిరిగారంటే నేల తెల్లబడిపోతుంది. ఇసుక, జీడిమామిడి, సరుగుడు, వేరుశనగ. పావుగంటలో రెండు దేశాలు దాటినట్టుంటుంది. అందరూ ఆటోలో ఫోన్ చూసుకుంటూ దాటేస్తారు.

ఊళ్ళో భావనారాయణస్వామి గుడి చోళుల నాటిది. ఊరి పేరే భావపురి, అదే బాపట్ల అయింది. పంచ భావనారాయణ క్షేత్రాలంటారే, బాపట్ల, పొన్నూరు, భావదేవరపల్లి, సర్పవరం, పట్టిసం, వాటిలో ఇదొకటి. మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు, కొండా గుట్టా ఏమీ లేవు, నేలమీది గుడి. పొద్దున ఎండెక్కకముందే వెళ్ళండి.

ఇంకోటి. ఆంధ్రులకో రాష్ట్రం కావాలని మొట్టమొదటి ఆంధ్ర మహాసభ 1913 మే నెలలో జరిగింది ఈ ఊళ్ళోనే. బయ్యా నరసింహేశ్వర శర్మ గారు అధ్యక్షులు. ఇది చూసే చోటు కాదు లెండి, మీ అబ్బాయికి చెప్పడానికి.

బీపీటీ5204 · సోమవారం రాత్రి 10:48
గట్టు గారు అసలు సంగతి వదిలేశారు. సెలవుచీటీ గారూ, మీరు ఇవాళ రాత్రి ఏ బియ్యం తిన్నారు?

సెలవుచీటీ · సోమవారం రాత్రి 10:52
సన్నబియ్యమే. సోనా మసూరి. ఎందుకు?

బీపీటీ5204 · సోమవారం రాత్రి 11:20
ఎందుకంటే ఆ బస్తా మీద ఏ పేరున్నా లోపల చాలావరకు నా పేరే ఉంటుంది. :) బీపీటీ 5204, సాంబ మసూరి. బీపీటీ అంటే బాపట్లే. ఇక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. జీఈబీ 24, టీఎన్ 1, మసూరి కలిపి పుట్టించిన రకం. తెలంగాణలో అయితే రైతులు 'బీపీటీ వేశాం' అంటారు గానీ ఆ మూడక్షరాలు ఒక ఊరి పేరని చాలామందికి తెలియదు. గింజ సన్నం, అన్నం పొడిపొడిగా ఉంటుంది. పంట కాలం మాత్రం దాదాపు అయిదు నెలలు. తెగుళ్ళు కూడా ఎక్కువే, ఆ మాటా చెప్పాలి కదా.

నేను ఇక్కడి వ్యవసాయ కళాశాలలో చదివాను (1945లో పెట్టిన కాలేజీ). అది టికెట్ కొని తిరిగే చోటు కాదు. గేటు దగ్గర మర్యాదగా అడిగితే, సెలవు రోజు కాకపోతే, చెట్ల కింద కాసేపు తిరగనిస్తారు. పిల్లలకు చేను చూపించండి. మీరొచ్చే వేళకు పొట్ట మీదో, పాలుపోసుకుంటూనో ఉంటుంది. ఒక గింజ తుంచి గోటితో నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. ఒకటి చాలు, రైతు చూస్తూ ఉంటాడు.

ఎర్రబస్సు · మంగళవారం ఉదయం 7:02
సెలవు పెట్టుకుని వరిచేను చూడ్డానికి పోవాలా? మా ఊళ్ళో లేదా?

గాలమేసి · మంగళవారం ఉదయం 7:40
ఒరే ఎర్రబస్సూ, నువ్వు ఊరుకో.
అన్నా, సముద్రం సంగతి నేను చెప్తా, మాది ఓడరేవు అనే ఊరు. సూర్యలంకలో చాలా దూరం మోకాలి లోతే అనిపిస్తుంది. అదే మోసం. మధ్యలో గుంటలుంటాయి, నిన్న ఉన్న చోట ఇవాళ ఉండవు. అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ళకింద ఇసుక జారిపోతుంది. ఈతొచ్చినోళ్ళే ఎక్కువ పోతారు, రానోళ్ళు భయంతో ఒడ్డునే ఉంటారు కాబట్టి. గజ ఈతగాళ్ళు నిలబడి ఉన్న చోటే దిగండి, వాళ్ళు విజిల్ ఊదితే వెనక్కి రండి, వాదించొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. తాగినోళ్ళ గుంపుంటే ఇంకో వైపు పోండి.

కార్తీక పౌర్ణమి రోజు మాత్రం రావొద్దు. ఇసకేస్తే రాలదంటారే, ఇసకలోనే ఆ పరిస్థితి. ఇంకోటి, అక్కడ వాయుసేన స్థావరం ఉంది. ఆ గోడల వైపు ఫోన్ ఎత్తి ఫోటోలు తీయకండి.

పడవలు చూడాలంటే సూర్యలంక కాదు, మా ఓడరేవు రండి. చీరాల నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు. తెల్లారి పడవలొచ్చే టైముకి ఒడ్డునుండాలి. వల దులుపుతుంటే ఏం పడిందో చూడ్డం పిల్లలకు భలే ఇష్టం. ఎండెక్కాక వస్తే ఖాళీ పడవలూ కాకులూ.

పొన్నూరు పిల్ల · మంగళవారం ఉదయం 9:15
మా ఊరిని ఎవరూ తలవలేదు! నిడుబ్రోలు స్టేషన్‌లో దిగితే అదే పొన్నూరు. సాక్షి భావనారాయణస్వామి. కాశీలో ఇచ్చిన పెళ్ళిమాట తప్పబోతే స్వామే సాక్షి చెప్పడానికి వచ్చాడని కథ. పక్కనే 24 అడుగుల ఆంజనేయుడు, ఎదురుగా 30 అడుగుల గరుత్మంతుడు. మా చిన్నప్పుడు ఆ గరుత్మంతుడి ముక్కు చూసి ఏడ్చేదాన్నట. మీ పాపకు ఆరేళ్ళన్నారు కదా, ముందే చెప్పి తీసుకెళ్ళండి.

సెలవుచీటీ · మంగళవారం ఉదయం 9:50
హహ, మా పాప ఏడ్చే రకం కాదు, ముక్కు ఎక్కే రకం. చాలా థాంక్సండీ. గాలమేసి గారూ, భయపెట్టినా మంచే చేశారు. బస ఎక్కడ బాగుంటుంది? సముద్రం పక్కనా, ఊళ్ళోనా?

ఎర్రబస్సు · మంగళవారం ఉదయం 10:20
ఇది మాత్రం నా అనుభవం, నిజంగానే చెప్తున్నా. పోయినేడు సముద్రం ఒడ్డున ఒక చోట దిగాం, పేరు చెప్పను. ఫోన్‌లో గది అడిగితే 'సముద్రం కనపడుతుంది' అన్నారు. కనపడింది, బాత్రూం వెంటిలేటర్లోంచి, స్టూలెక్కితే. కొళాయిలో ఉప్పునీళ్ళు. సబ్బు నురగ రాదు. మా ఆవిడ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఈ కథ చెప్తుంది. అందుకే నాకు బాపట్లంటే అంత ప్రేమ.

కొమ్మమూరు గట్టు · మంగళవారం ఉదయం 10:41
ఇప్పుడర్థమైంది మీ కోపం. :) సెలవుచీటీ గారూ, అమ్మగారున్నారు కాబట్టి ఊళ్ళోనో చీరాలలోనో దిగండి. మందుల షాపు, ఆసుపత్రి దగ్గర్లో ఉంటాయి.

ఆ ఉప్పునీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. సముద్రానికి అంత దగ్గర్లో మంచినీళ్ళెలా వస్తాయో తెలుసా? దొరువులు. ఇసుకలో పడ్డ వాన కిందికి ఇంకి ఉప్పునీటి మీద తేలుతుంది, మంచినీళ్ళు తేలిక కదా. పల్చటి పొర. మనిషి లోతున గుంట తవ్వితే తియ్యటి నీళ్ళూరతాయి. ఆశపడి ఇంకా లోతుకు పోయారో, ఉప్పు తగులుతుంది. మా చిన్నప్పుడు దొరువుకు ఒక పక్క వాలుగా దారి ఉండేది. రెండు చేతుల్లో రెండు కుండలతో దిగి, ముంచుకుని, ఎక్కి, మొక్కల మీద చల్లుకుంటూ పోయేవాళ్ళు. పొద్దస్తమానం అదే పని. ఇప్పుడు చాలాచోట్ల ఇసుకలో చిల్లుల గొట్టాలు పరిచి, నీళ్ళు ఒక బావిలోకి చేరేట్టు చేసి, మోటారుతో తోడుతున్నారు. ఆ పద్ధతి మెరుగుచేసింది కూడా మా బాపట్ల శాస్త్రవేత్తలే.

సూర్యలంక దారిలో ఏ తోట దగ్గరైనా ఆగి 'దొరువు చూడొచ్చా' అని అడగండి. కాదనరు.

బీపీటీ5204 · మంగళవారం మధ్యాహ్నం 1:10
దొరువు ఉన్నచోటే చూడండి గట్టు గారూ. రొయ్యల చెరువులు తవ్విన పక్క పొలాల్లో నీళ్ళు ఉప్పెక్కాయని రైతుల గోల. రాత్రిపూట ఆ చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతుంటే, లైట్లు, నీటి జల్లు, దూరం నుంచి తిరునాళ్ళలా ఉంటుంది. అందమే. పక్క చేను రైతుని అడిగితే వేరే కథ చెప్తాడు.

పడుగుపేక · మంగళవారం మధ్యాహ్నం 2:35
అందరూ బాపట్లనే పట్టుకున్నారు. రైలెక్కి స్టూవర్టుపురం, ఈపూరుపాలెం దాటితే చీరాల. మాది జాండ్రపేట, మా ఇంట్లో ఇప్పటికీ రెండు మగ్గాలున్నాయి. షాపుల్లో చీరలు కొనడం కాదండీ, ఒక్కసారి గుంటమగ్గం ముందు నిలబడండి. కుప్పడం చీరకు మూడు నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ మోసేవి). ఒంటికి ఒకటి, రెండంచులకు చెరొకటి. ప్రతి పోగుకీ అంచు దగ్గర ఒంటి నూలును అంచు నూలుతో ముడేసుకుంటూ పోవాలి. అందుకే అంచు రంగు ఒంట్లోకి పాకదు. మా నాన్న కాళ్ళు గుంటలో, చూపు అంచు మీద, నోట్లో నా మీద తిట్లు, మూడూ ఒకేసారి నడుస్తాయి.

తేలియా రుమాళ్ళూ ఒకప్పుడు చీరాలవే. నూలుకు నూనె పట్టించి అద్దేవాళ్ళు. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయేవి.

ఊరు చూస్తూ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పక్కనున్న పేరాలతో చీరాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో జనం ఇళ్ళొదిలేసి ఊరి బయట రామనగర్ అని గుడిసెలేసుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు నాయకుడు. పదకొండు నెలలు! ఎండా వానా అక్కడే. పన్ను కట్టడం కన్నా ఊరొదలడం నయమనుకున్నారు. మా తాతయ్య వాళ్ళమ్మ కడుపుతో ఉండి ఆ పాకల్లోనే గడిపిందని మా ఇంట్లో చెప్పుకుంటారు.

పాతరాళ్ళు · మంగళవారం సాయంత్రం 6:20
ఆలస్యంగా చూశాను. మోటుపల్లి అన్న మాట ఎవరి నోటా రాలేదా!

చినగంజాం మండలంలో చిన్న పల్లె. వీరభద్రస్వామి గుడి మండపంలో కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం, 1244 నాటిది. దాని సారం ఏమిటంటే, అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్ళు. సముద్రం దాటి వచ్చే వర్తకుడికి ప్రాణం కన్నా ధనమే తీపి, మేము దయతో నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోం అని ఈయన మాటిచ్చాడు. ఇవాళ అక్కడ నిలబడితే రేవు ఆనవాలు కూడా ఉండదు. సముద్రం అవతల ఎక్కడో ఉంటుంది. మేకలు కాస్తుంటారు.

మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఇదేనని చరిత్రకారుల మాట. ఇక్కడ ఒక రాణి ఏలుబడి అన్నాడు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నం అన్నాడు. పడుగుపేక గారి నాన్నగారికి ఆ మాట చెప్పండి.

ఓపికుంటే ఉత్తరం వైపు చందవోలు (వెలనాటి చోడుల రాజధాని), భట్టిప్రోలు స్తూపం. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వితే ధాతుపేటికల (అస్థికలుంచే పెట్టెల) మీద బ్రాహ్మీ అక్షరాలు దొరికాయి. లిపి పట్ల ఆసక్తి ఉన్నవాళ్ళకది తీర్థయాత్రే. పిల్లలకు మాత్రం ఇటుకల దిబ్బ.

ఎర్రబస్సు · మంగళవారం సాయంత్రం 6:34
రెండు రోజుల్లో ఇవన్నీ చూస్తే అమ్మగారి మోకాళ్ళేమైపోతాయండీ? నిజాంపట్నం కూడా కలపండి, డచ్చివాళ్ళొచ్చారు, ఇంగ్లీషువాళ్ళొచ్చారు అని. :)

పాతరాళ్ళు · మంగళవారం సాయంత్రం 6:50
వచ్చారు. 1606లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు. ఇప్పుడు చేపల రేవు, మడ అడవులు. మోకాళ్ళ విషయంలో మాత్రం ఎర్రబస్సు గారితో ఏకీభవిస్తున్నాను. అన్నీ వద్దు. మోటుపల్లి కూడా వద్దనుకుంటే వదిలేయండి. వేటపాలెం మాత్రం వదలకండి.

పడుగుపేక · మంగళవారం సాయంత్రం 7:15
అది నేను చెప్పాల్సింది! సారస్వత నికేతనం. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంపుటాలున్నాయి. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఊళ్ళో మకాం వేసి చదువుకుంటారు. చిన్న ఊరు, పెద్ద లైబ్రరీ. తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి.

పక్కనే జీడిపప్పు. వేటపాలెం జీడిపప్పంటే చెప్పక్కర్లేదుగా. కాయ కాల్చి, పెంకు కొట్టి, పై పొర వలిచి, గుండు, బద్ద, ముక్క అని ఆడవాళ్ళు వేరుచేస్తుంటారు. పెంకులోంచి వచ్చే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. వాళ్ళ వేళ్ళు చూస్తే బేరమాడబుద్ధి కాదు.

గాలమేసి · మంగళవారం రాత్రి 8:02
కార్తీకంలో దొరకనివి కూడా చెప్పండయ్యా, లేకపోతే వచ్చి వెతుక్కుంటారు. తాబేళ్ళు జనవరి తర్వాతే ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖవాళ్ళు గుడ్లు ఏరి పొదిగించి, పిల్లల్ని తెల్లారుజామున నీళ్ళలోకి వదుల్తారు. చినగంజాం ఉప్పుమడులు ఎండాకాలం చూడాలి. తాటిముంజలు వేసవిలోనే. ఇప్పుడొస్తే ఇవేవీ లేవు.

కొమ్మమూరు గట్టు · మంగళవారం రాత్రి 8:30
వాతావరణం కూడా చూసుకోండి. మాకు నవంబరంటే కొంచెం గుబులే. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు తొమ్మిదేళ్ళు. మర్నాడు పొద్దున మా నాన్న మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు. ఎందుకో పెద్దయ్యాక చెప్పాడు. వాయుగుండం అన్న మాట వినపడితే టికెట్లు రద్దు చేసుకోండి, సముద్రం ఎక్కడికీ పోదు.

పర్యవేక్షకుడు · మంగళవారం రాత్రి 8:45
ఏ లాడ్జి అన్నది వ్యక్తిగత సందేశాల్లో అడుగుతున్నారట కొందరు. ఆ పేరు ఇక్కడ రాయవద్దు. మిగతా చర్చ కొనసాగించండి.

సెలవుచీటీ · రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:30
వెళ్ళొచ్చాం! వరసగా చెప్పను, గుర్తున్నది రాస్తాను.

పొన్నూరు వెళ్ళలేకపోయాం, పొన్నూరు పిల్ల గారు క్షమించాలి. మోటుపల్లి కూడా కుదరలేదు. మొదటి రోజు పొద్దున గుడి, తర్వాత సూర్యలంక. సముద్రంలో గంటసేపు ఉన్నాం. విజిల్ నాలుగుసార్లు ఊదారు, నాలుగుసార్లూ మేమే కారణం. గాలమేసి గారి మాట గుర్తొచ్చి నోరెత్తకుండా వెనక్కొచ్చాను.

తిరిగొస్తూ ఆటో ఆపించి దొరువు అడిగాం. వేరుశనగ తోట పెద్దాయన ఒకాయన 'ఏముందమ్మా చూడ్డానికి, గుంట' అంటూనే తీసుకెళ్ళాడు. తాటిచెట్ల నీడలో చిన్న మడుగు, అడుగున ఇసుక కనపడేంత తేట. అప్పటికి మా పాప నోట్లో ఇంకా సముద్రపు ఉప్పే ఉంది. ఆయన దోసిలితో నీళ్ళిస్తే తాగి, 'ఇది కూడా సముద్రమేనా, ఎవరు కడిగారు?' అంది. పెద్దాయన చాలాసేపు నవ్వాడు. తర్వాత చెప్పాడు, వాళ్ళమ్మ ఈ వాలులోనే రోజుకు రెండువందల కుండలు మోసేదట. లెక్క నిజమో కాదో తెలియదు గానీ, చెప్పేటప్పుడు ఆయన చేతులు కుండల మెడలు పట్టుకున్నట్టే ముడుచుకున్నాయి.

రెండో రోజు పడుగుపేక గారింటికి వెళ్ళాం. వాళ్ళ నాన్నగారికి సాలెగూడు మాట చెప్పాను. 'వాడెవడో గానీ కూలెంతిచ్చాడో రాశాడా?' అన్నారు. మా వాడు గంటసేపు గుంట అంచున కూర్చుని నాడెలు లెక్కపెట్టాడు. ఫోన్ అడగలేదు, అదీ విశేషం.

ఇక వేటపాలెం. అమ్మ బయటే కూర్చుంటానంది. అక్కడాయన పాత ఆంధ్రపత్రిక సంపుటం ఒకటి బల్ల మీద తెరిచి పెట్టాడు. అంతే. మేం గాంధీగారి కర్ర చూసి, జీడిపప్పు కొనుక్కుని, టీ తాగి వచ్చేసరికి కూడా అమ్మ అదే పేజీల్లో ఉంది. కాగితం పెళుసుగా ఉందని రెండు చేతులతో పట్టుకుని తిప్పుతోంది, బిడ్డను పక్క మార్చినట్టు. రైలు టైమైందని లేపితే నా మీద విసుక్కుంది.

ఒక్క పొరపాటు, అమ్మ కళ్ళజోడు అక్కడే మర్చిపోయింది. గోధుమరంగు పెట్టె. ఎవరైనా అటు వెళితే కాస్త చూస్తారా?

ఎర్రబస్సు · ఆదివారం రాత్రి 9:48
దొరువు ఏ తోటలోనండీ? గుర్తు చెప్పండి. ఊరికే అడుగుతున్నా.

పడుగుపేక · సోమవారం మధ్యాహ్నం 12:10
కళ్ళజోడు దొరికింది. ఆ సంపుటం మీదే ఉందట, ఎవరూ కదపలేదు. కొరియర్ చేయనా?

సెలవుచీటీ · సోమవారం మధ్యాహ్నం 12:25
అమ్మనడిగాను. కొరియర్ వద్దంది. సంక్రాంతి వెళ్ళాక తనే వచ్చి తీసుకుంటుందట, ఇంకా చాలా పేజీలు మిగిలాయట.